గరిటక్క శుక్రవారం సూప్

ఆసుపత్రి వంటశాలలో చేరిన కొత్తలో ఆవిడకీ ఒక పేరుండేది. నెల తిరక్కుండానే ఆ పేరు అటకెక్కింది. చేతికి చెయ్యంత పొడుగు గరిటె ఇచ్చి, నాలుగొందలమంది ఆకలి మీదికి వదిలితే ఇంక పేరెవరికి గుర్తుంటుంది? డాక్టర్లకీ, నర్సులకీ, అంబులెన్సు డ్రైవర్లకీ, ఆఖరికి కుట్లు విప్పించుకోవడానికి వచ్చినవాళ్ళకీ ఆవిడ గరిటక్కే. మొదట్లో ఆవిడ కాస్త ముఖం మాడ్చుకుంది. తర్వాత ఎవరైనా అసలు పేరుపెట్టి పిలిస్తే, ఎవర్నో పిలుస్తున్నారని పక్కకి తప్పుకోవడం మొదలుపెట్టింది.

ఆవిడ భర్త టైలరు. ఇంట్లోనే, వీధివైపు గదిలో మిషను వేసుకుని కూర్చుంటాడు. మనిషి సూదిలాగే సన్నం. మాటలూ అంతే, అవసరమైతేనే బయటికొస్తాయి. గరిటక్క తెల్లారకముందే వంటశాలకి పోవాలి కాబట్టి, పెళ్ళైన కొత్తలోనే ఇద్దరూ కూర్చుని ఒక ఒప్పందానికొచ్చారు. ఊరికి వంట ఆవిడది, ఇంటికి వంట ఆయనది. వంటింటి కుందేలని ఆడవాళ్ళని అంటారుగానీ, ఆ ఇంట్లో కుందేలు మాత్రం మీసాలున్న కుందేలు. చుట్టుపక్కలవాళ్ళు కొన్నాళ్ళు నవ్వారు. ఆయన వంట వాసన మెట్లు దిగి వాళ్ళిళ్ళలోకి వచ్చాక నవ్వడం మానేశారు. కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మిషను తొక్కాడు, జడ వేశాడు, బడికి పంపాడు, సాయంత్రం అలిసిపోయి వచ్చిన పెళ్ళానికి పళ్ళెం మూతపెట్టిన గిన్నె సిద్ధంగా ఉంచాడు. నాలుగొందలమందికి వండి వచ్చినావిడని మళ్ళీ పొయ్యి ముఖం చూడమంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది కదా. సెలవు రోజున కూడా ఆయన ఆవిడని వంటింటి గడప దాటనిచ్చేవాడు కాదు.

ఇదంతా ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, పెళ్ళై ఇన్నేళ్ళైనా టైలరు తన పెళ్ళాం చేతి వంట ఒక్కసారి కూడా తినలేదు. నమ్మినవాళ్ళు నమ్మండి.

తినలేదుగానీ విన్నాడు. అదీ మామూలుగా విన్లేదు. వంటశాలలో ప్రతి శుక్రవారం ఒక సూప్ చేసేవాళ్ళు. ఇటలీలో ఇళ్ళల్లో చేసుకునే చిక్కటి కూరగాయల సూప్. దాని పేరు మినెస్ట్రోనీ అని, రోగులకి ఏం పెట్టాలో చెప్పే డైటీషియనమ్మ ఒకావిడ తీసుకొచ్చి నేర్పింది. ఆ పేరు పలకలేక అందరూ శుక్రవారం సూప్ అనేవాళ్ళు. శుక్రవారం ఇంటికి రాగానే గరిటక్క చెప్పులు విప్పకముందే మొదలుపెట్టేది. "ఉల్లిపాయలూ క్యారెట్లూ సెలరీ కాడలూ సన్నగా తరిగి నూనెలో మగ్గించాలండీ. తొందరపడకూడదు. తర్వాత టమాటాలు, బంగాళాదుంపలు, క్యాబేజీ, ముందురోజు నానబెట్టి ఉడికించిన తెల్ల చిక్కుడుగింజలు. ఆఖర్న పొట్టి గొట్టాల పాస్తా. అసలు కిటుకు వీటిల్లో లేదండోయ్! డాక్టర్ల భోజనాల గదిలో గట్టి చీజ్ తురమగా తురమగా చివర చెక్కలాంటి అంచు మిగులుతుంది కదా, పారేస్తుంటే నేను అడిగి తెచ్చుకుంటాను. అది సూప్‌లో పడేస్తే చూస్కోండి. లేవలేని ముసలాయన కూడా లేచి కూర్చుని ఇంకో గిన్నె అడిగాడు."

టైలరు ఎదురుగా కూర్చుని ఏదో నములుతూ వినేవాడు. ఇంటికి కాస్త తీసుకురావచ్చు కదా అంటే కుదరదు. వంటశాల నించి మెతుకు కూడా బయటికి పోకూడదని రూలు, గేటు దగ్గర సంచీ తీసి చూస్తారు. అక్కడికెళ్ళి తిందామంటే బయటివాళ్ళకి పెట్టరు. రోగం రావాలి. టైలరుకేమో తుమ్ము కూడా రాదు. ఒకసారి మాత్రం మిషను సూది వేలిలోంచి దూసుకుపోయి ఆసుపత్రి మంచమెక్కాడు. తీరా చూస్తే మంగళవారం. సాయంత్రానికి కట్టు కట్టి ఇంటికి పంపేశారు. "శుక్రవారం దాకా ఉంచుకోండి డాక్టరుగారూ" అని అడిగాడట, ఆ డాక్టరు ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్వుతాడు.

"రిటైరవనివ్వండి, మీకు చేసి పెడతా. గిన్నె నాకేస్తారు" అని గరిటక్క మాటిచ్చింది. ఏళ్ళ తరబడి ఇస్తూనే ఉంది.

రిటైరవనే అయింది. వంటశాలవాళ్ళు దండ వేసి, ఫోటో తీసి, ఆవిడ చేతిలో అరిగిన ఆ పొడుగు గరిటెనే బహుమతిగా ఇచ్చారు. అది ఇంట్లో ఏ సొరుగులోనూ పట్టలేదు. తలుపు మూలన గొడుగు పక్కన నిలబెడితే, వచ్చినవాళ్ళు అది వాయించేదా, తవ్వేదా అని అడిగేవాళ్ళు.

మొదటి ప్రయత్నానికి గరిటక్క సంచీలు తీసుకుని కూరగాయల బజారుకి వెళ్ళింది. చేతికి అలవాటైన లెక్క పెట్టెల లెక్కే. "ఒక పెట్టె క్యారెట్లు, పెట్టె టమాటాలు, ఉల్లిపాయలు అర బస్తా చాల్లే" అంది. తక్కువే అడిగాననుకుంది పాపం.

"హోటలు పెడుతున్నారా అమ్మా?" అన్నాడు కొట్టాయన.

"మా ఆయనకి సూప్ చేస్తున్నా."

కొట్టాయన వెంటనే రిక్షా పిలిచాడు. ఆ మొగుడెవరో చూడాలని అతనికి చాలా అనిపించిందట.

టైలరు వంటింట్లో ఉన్న అన్నిటికన్నా పెద్ద గిన్నె ఉల్లిపాయలకే నిండిపోయింది. కిందివాళ్ళింట్లోంచి రెండు, పైవాళ్ళింట్లోంచి మూడు గిన్నెలు వచ్చాయి. ఆ మధ్యాహ్నం మూడంతస్తుల వాళ్ళూ గిన్నెలు పట్టుకుని మెట్ల మీద వరస కట్టారు. గరిటక్కకి పూనకం వచ్చినట్టైంది. ఒక్కొక్కరికీ పోసి, గరిటెతో గిన్నె అంచు మీద రెండుసార్లు టంగుటంగుమని కొట్టి, "తర్వాతవాళ్ళు!" అని కేకేస్తుంటే వీధిలో పోయేవాళ్ళు కూడా లోపలికి తొంగిచూశారు. పై ఇంట్లో కుళాయి బాగుచెయ్యడానికి వచ్చినతను రెండు గిన్నెలు తాగి, ఖాళీ అయిన పాత్ర అడుగంతా రొట్టెముక్కతో తుడుచుకు తిని, "అసలు సిసలంతా అడుగునే ఉందమ్మా" అని లొట్టలేస్తూ పోయాడు. అతని మాట ఎవరూ పట్టించుకోలేదు.

టైలరు తన గిన్నె పూర్తిగా తాగాడు. "బాగుంది" అన్నాడు.

గరిటక్క కూడా ఒక గిన్నె పోసుకుని కుర్చీలో కూర్చుంది. ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. ఇంకో చెంచా పెట్టుకుంది. ముఖం చిన్నబోయింది. "ఇది కాదండీ" అంది.

"ఏది కాదు?"

"ఆ సూప్ ఇది కాదు. ఏదో తగ్గింది."

ఊరంతా మెచ్చుకున్నా ఆవిడకి ఎక్కలేదు. అంతమందికి వండే హడావిడిలో ఎక్కడో చెయ్యి జారిందనుకుంది. ఈసారి ఇద్దరికి మాత్రమే చేద్దామని నిశ్చయించుకుంది.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఒక పొయ్యి దగ్గర ఇద్దరు వంటవాళ్ళు కూడా ఇమడరు. టైలరు వంటింట్లో చెంచాలు దారపు ఉండల్లాగా వరసగా, చిన్నదాని పక్కన పెద్దది, ఉంటాయి. గిన్నె తుడిచే గుడ్డ వేరు, చెయ్యి తుడిచే గుడ్డ వేరు. గరిటక్క రెండూ కలిపి నేల తుడిచింది. ఆయన అటువైపు గదిలో ఒక పెళ్ళికూతురి జాకెట్టుకి చెయ్యి అతుకుతుంటే, ఇటునించి "తర్వాతవాళ్ళు!" అని కేక. టైలరు ఉలిక్కిపడ్డాడు, కుట్టు వంకరపోయింది. వంటింట్లో మొగుడూ పెళ్ళాం తప్ప మూడో మనిషి లేడు. ఇంక ఎవర్ని పిలుస్తున్నట్టు?

"అలవాటండీ" అంది ఆవిడ సిగ్గుపడి.

"అలవాటైతే అయింది, ఆ ఉప్పుడబ్బా ఉన్నచోట పెట్టు" అన్నాడు ఆయన, కుట్టు విప్పుకుంటూ.

ఈ రెండోసారి గరిటక్క నాలుగొందలమంది లెక్కని ఇద్దరికి భాగించింది. ఒక వెల్లుల్లి రెబ్బని ముక్క చేసి, ఆ ముక్కలో సగం తీసి పక్కన పెట్టడం టైలరు కళ్ళారా చూశాడు. కొత్తిమీరలాంటి సెలరీ ఆకు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, కత్తిరించి వేసింది. నీళ్ళూ అలాగే లెక్కకట్టి పోసింది. నీళ్ళు కాసేపట్లో ఆవిరైపోయాయి. గింజలు ఉడకలేదు. ఆఖరికి గిన్నెలో మిగిలింది చూస్తే సూపూ కాదు కూరా కాదు. చిక్కుడుగింజలు చొక్కా బొత్తాల్లాగా ఉన్నాయి. ఆ మాట పైకి అన్నది టైలరే, నోరు జారి.

"అంటే అన్నారుగానీ, మీరు చేసి చూపించండి" అంది గరిటక్క, కళ్ళు పెద్దవి చేసి.

ఆయన నవ్వాపుకుని, మెళ్ళో వేలాడే కొలతల టేపు సర్దుకుని, పీట మీద కూర్చున్నాడు. "ఒకటి చెప్తా విను. పెద్దవాళ్ళ చొక్కా చూసి పిల్లాడికి కుట్టాలంటే, అన్నీ సమానంగా తగ్గించుకుంటూ పోతే ఏమవుతుందో తెలుసా? తల పట్టదు. పిల్లల తల ఒంటికి పెద్దదే కదా. పొడుగు తగ్గించు, చేతులు తగ్గించు. మెడ మాత్రం అంత తగ్గించకూడదు."

"సూప్‌కి మెడెక్కడుంటుందండీ?"

"అదే చూడాలి. నీళ్ళేమోనని నా అనుమానం. పెద్ద పాత్రలో కొంచెం పోయినా తెలీదు. చిన్నగిన్నెలో ఉన్నదంతా పోతుంది. పొయ్యి కూడా నీ అలవాటుకి పెద్దదైపోతోంది, తగ్గించు."

గరిటక్క ఆలోచించింది. మొగుడు మాట వినడం ఆవిడకి అంత అలవాటు లేదుగానీ, చొక్కా మెడ సంగతి కాదనలేకపోయింది. నాలుగురోజులు నోరు మూసుకుని, చిన్నగిన్నెలో నీళ్ళు మరిగించుకుంటూ, ఎంత సెగ మీద ఎంత తగ్గుతోందో చూసుకుంటూ గడిపింది. ఆ నాలుగురోజులూ టైలరు తన వంట బాల్కనీలో చిన్న స్టవ్ పెట్టుకుని చేసుకున్నాడు. ఎదురింటావిడ, "ఏం బాబూ, వంటింట్లోంచి వెళ్ళగొట్టారా?" అని అడిగితే, "తాత్కాలికంగా" అన్నాడు.

మూడోసారికి కూతుర్నీ అల్లుడినీ భోజనానికి పిలిచింది. కూతురు డ్రైవింగ్ స్కూల్లో కొత్తవాళ్ళకి కారు నేర్పుతుంది. రోజుకి పదిసార్లు గోడలు గుద్దబోయే మనుషుల పక్కన కూర్చుంటుంది కాబట్టి ఆమెకి ఏదీ భయం కాదు, ఏ మాటా మనసులో దాచుకోదు. "అమ్మా, ఈసారి బొత్తాలా, గొట్టాలా?" అంటూ వచ్చింది. నాన్న అప్పుడే కబురు చేరేసినట్టున్నాడు.

ఈసారి తప్పు పట్టడానికి ఏమీ లేకుండా వండింది గరిటక్క. ఉల్లిపాయ, క్యారెట్టు, సెలరీ సన్నసెగ మీద తీపి వాసన వచ్చేదాకా మగ్గాయి. టమాటాలు కరిగి ఎర్రగా అయ్యాయి. గింజలు ముందే మెత్తగా ఉడికించి, ఆ నీళ్ళు కూడా పారబొయ్యకుండా పోసింది. చీజ్ కొట్టువాణ్ణి బతిమాలి తెచ్చిన గట్టి అంచుముక్క వేసింది. మెడ సంగతి గుర్తుంచుకుని నీళ్ళు కాస్త ఎక్కువే పెట్టింది. చివర్న పాస్తా వేసి, మూతపెట్టి, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. వడ్డన మాత్రం టైలరు చేశాడు. ఆ పని ఆయనది, ఎవరికీ వదలడు. మొదటి గిన్నె పైపైన తేటగా తీసి, పొగలు కక్కుతుండగా ఆవిడ ముందు పెట్టాడు.

అల్లుడు మొదటి చెంచాకే కళ్ళు మూసుకున్నాడు. "అత్తయ్యా, ఇన్నాళ్ళూ ఈ చెయ్యి దాచుకున్నారా!" కూతురు మాటే మాట్లాడలేదు. అది అన్నిటికన్నా పెద్ద మెచ్చుకోలు. ఇద్దరూ మళ్ళీ పోయించుకున్నారు. టైలరు గిన్నె ఎత్తి ఆఖరి చుక్క కూడా తాగి, "చాలా బాగుంది" అన్నాడు. ఆయన నోట 'చాలా' అన్న మాట రావడమంటే మాటలు కాదు.

గరిటక్క చెంచా కింద పెట్టేసింది. "ఇది కాదు" అంది.

"అమ్మా! నీకేం పట్టింది? నాలుక మీద ఏమైనా పొక్కిందా?" అంది కూతురు.

"ఇది కాదే. నాకు తెలీదా నా సూప్?"

తర్వాత ఎవరెంత చెప్పినా ఆవిడ తలెత్తలేదు. భోజనాలయ్యాయి. సాయంత్రం క్లాసు ఉందని కూతురు లేచింది, అల్లుడూ లేచాడు. వెళ్తూ వెళ్తూ కూతురు నాన్నని గుమ్మంలోకి పిలిచి, "అమ్మ సంగతి చూడండి నాన్నా, నిజంగానే ఏడ్చేట్టుంది" అని మెల్లిగా చెప్పిపోయింది.

నిజమే. టైలరు లోపలికి వచ్చేసరికి గరిటక్క ఆయన మిషను ముందు స్టూలు మీద కూర్చుని, గుడ్డ పేలికని వేళ్ళ మధ్య నలుపుతోంది.

"ఏమే, మూడిళ్ళ వాళ్ళు మెచ్చారు, పిల్లలు మెచ్చారు, నేను మెచ్చాను. ఇంకెవరు మెచ్చాలి?"

"మీరు మెచ్చుకోవడానికేం, మంచివాళ్ళు." ఆవిడ గొంతు తగ్గించి అంది. "నాకిప్పుడు తెలిసిందండీ. అసలు ఆ సూప్‌లో ఏమీ లేదు. ఆకలి రుచెరగదంటారు, అదే జరిగింది. చప్పిడి తిండి తిని తిని ఉన్న రోగులు, ఏది పెట్టినా అమృతమనేవాళ్ళు. నేను పొయ్యి ముందు నించున్న కూలిమనిషిని, వంటమనిషినే కాదు. ముప్పై ఏళ్ళు అరచేతిలో వైకుంఠం చూపించాను మీకు. ప్రతి శుక్రవారం మీరు తింటూ తింటూ వినేవారు. అంతా ఒట్టిదే విన్నారు."

ఆ మాట టైలరుకి ఎక్కడో గుచ్చుకుంది. ఆయన పెళ్ళాం ఎప్పుడూ డబ్బాలో గులకరాళ్ళలాగా మోగుతుంటుంది, ఆ మోత లేకపోతే ఆయనకి కుట్టు సాగదు. ఇలా గొంతు తగ్గించి మాట్లాడ్డం ఆయన వినలేదు. సూప్ ఎలా ఉంటే ఎవడిక్కావాలి, ఈవిడ ఇలా ఉండకూడదు అనుకున్నాడు. కానీ ఊరికే ఓదారిస్తే ఊరుకునే మనిషి కాదు. చొక్కా సరిపోలేదని వచ్చినవాళ్ళని కూడా ఆయన ఓదార్చడు. మళ్ళీ కొలతలు తీస్తాడు.

మెళ్ళో టేపు తీసి పక్కన పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"అడిగినదానికి చెప్పు. అక్కడ సూప్ ఎప్పుడు తినేదానివి?"

"ఎప్పుడేంటండీ, మధ్యాహ్నమే."

"అందరితోపాటా?"

"అందరితో ఎలా తింటాను? వార్డులకి పోవాలి, డాక్టర్లకి పోవాలి, ఆలస్యంగా వచ్చే అంబులెన్సువాళ్ళకి పోవాలి. వడ్డించే కిటికీ మూసేసరికి మూడయ్యేది."

"అప్పుడు ఎక్కడ నిలబడి తినేదానివి?"

"సింకు దగ్గరే. పాత్ర కడగాలి కదా, దానికి ముందు." గరిటక్క చెప్తూ చెప్తూ కాస్త ఆగింది. "గిన్నె కూడా ఉండేది కాదు. గిన్నెలన్నీ కడిగి బోర్లించేసేవాళ్ళు. గరిటెతోనే."

"గరిటెతో ఏం తీసుకునేదానివి?"

"ఏముంటుందండీ ఇంక. అడుగున ఏది మిగిల్తే అది. గీక్కుని."

"వేడిగా?"

"చల్లారిపోయేది. గింజలు చితికి, పాస్తా ఉబ్బి, ముద్దైపోయేది. ఆ చీజ్ చెక్క అడుక్కి అతుక్కుని మెత్తబడేది, దాన్ని లాగి..." అని మాట మధ్యలో ఆపేసింది. చేతిలో పేలిక జారి కింద పడింది.

"పైది ఎప్పుడైనా తిన్నావా? వేడిగా, గిన్నెలో?"

"ఉప్పు చూసేదాన్ని" అంది గరిటక్క, తనలో తను అనుకుంటున్నట్టు. "అరచేతిలో చుక్క వేసుకుని. ఉప్పు చూడ్డం తినడం కాదు కదండీ. పైది... పైది నేనెప్పుడూ తిన్లేదు."

"మరి నువ్విన్నాళ్ళూ చెప్పింది అబద్ధమెలా అయింది? వాళ్ళు లేచి కూర్చుని తిన్నది ఇవాళ మేం తిన్న సూపే. అది బ్రహ్మాండంగా ఉంది. నీది వేరే."

ఆవిడ లేచి నిలబడింది. ఇద్దరూ ఒకేసారి వంటింటి వైపు చూశారు.

ఆ ఇంట్లో భోజనం ముగిసిన మరుక్షణం గిన్నెలు తళతళలాడాలి. అది టైలరు చట్టం. ఆవేళ మాత్రం పెళ్ళాం ముఖం చూసి ఆయన చెయ్యి ఆడలేదు, గిన్నె పొయ్యి మీదే ఉండిపోయింది. గడియారం మూడు దాటింది. మూత తీస్తే సూప్ ఎప్పుడో చల్లారి, ఉన్న తడి అంతా పాస్తా పీల్చేసుకుని, అడుగున ఎర్రటి ముద్ద మిగిలింది. మధ్యలో చీజ్ అంచు మెత్తబడి అతుక్కుపోయి ఉంది.

టైలరు తలుపు మూలకెళ్ళి, గొడుగు పక్కనించి పొడుగు గరిటె తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. ఆ గరిటె ఆ చిన్నగిన్నెలో దించడానికి ఆవిడ మోచెయ్యి గోడకి తగిలింది. అయినా ఎలాగో గీకింది. గిన్నె కిర్రుమంది. గరిటక్క సింకుకి ఆనుకుని నిలబడి, గరిటె నోటికెత్తుకుంది.

నమిలింది. ముఖంలో ఏదో విడిపోయింది. "ఇదేనండీ!" అంది. "ఇదే. ఇదే నా సూప్." నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలీలేదు, కళ్ళు తుడుచుకోవడానికి చేతికి దొరికిన గుడ్డ తీసుకుంది. అది గిన్నెలు తుడిచే గుడ్డ. టైలరు చూసి కూడా ఏమీ అనలేదు.

రెండోసారి గీకి గరిటె నింపింది. గిన్నె అంచు మీద రెండుసార్లు టంగుటంగుమని కొట్టింది. ఈసారి కేకెయ్యలేదు, మామూలు గొంతుతోనే, "తర్వాతవాళ్ళు" అంది.

టైలరు ముందుకొచ్చాడు. పెళ్ళాం చేత్తో, పెళ్ళాం గరిటెతో, అన్నేళ్ళుగా విన్న శుక్రవారం సూప్ తిన్నాడు. మెల్లిగా నమిలాడు. నములుతూ నములుతూ ఆయన కనుబొమలు పైకి లేచాయి.

"ఇది నాకు తెలుసే" అన్నాడు.

"మీకెలా తెలుస్తుంది? ఎక్కడ తిన్నారు?"

"సూప్ కాదు. ఈ రుచి." గిన్నెలోకి చూస్తూ చెప్పాడు. "చల్లారి, ముద్దైపోయి, కాస్త అడుగంటి. నేనెప్పుడూ తినేది ఇదే. నువ్వూ అమ్మాయీ తిని లేచాక, గిన్నె కడిగే ముందు. ఇక్కడే నిలబడి."

గరిటక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ప్రతి సాయంత్రం పళ్ళెం మూతపెట్టిన గిన్నె తన కోసం బల్ల మీద ఉండేది. పైపైన తీసిన మంచిదంతా అందులోనే ఉండేది. తను తింటూ శుక్రవారం సంగతులు చెప్తుంటే, ఆయనా తన ఎదురుగా కూర్చుని ఏదో నములుతూ వినేవాడు. రొట్టెముక్కో, ఏదో. "మీరేం తిన్నారు?" అని తను అడగలేదు. ఒక్కరోజు కూడా అడగలేదు. అందుకే కాబోలు ఇందాక 'ఎక్కడ కూర్చుని' అనకుండా 'ఎక్కడ నిలబడి' అని అడిగాడు. వంటవాణ్ణి వంటమనిషి గుర్తుపట్టలేకపోయింది ఇన్నాళ్ళూ.

"చెప్పలేదేమండీ?" అంది.

"ఏం చెప్పాలి? అది నాకిష్టం" అన్నాడు టైలరు. నిజంగానే అన్నాడు. "అడుగుదే కదా బాగుండేది."

గరిటక్క గిన్నెలో చెయ్యి పెట్టి చీజ్ చెక్కని ఊడదీసింది. అది మెత్తబడింది గానీ సాగుతోంది, తెగడం లేదు. ఒక చివర ఆవిడ పట్టుకుని, రెండో చివర ఆయన పళ్ళకిచ్చింది. ఇద్దరూ లాగితే సగం కాలేదు, ఆయనవైపు పెద్దముక్క పోయింది.

"అన్యాయం" అంది ఆవిడ.

"రేపు మళ్ళీ చెయ్యి. రేపు నీకు పెద్దది."

"రేపు కూడా మనకి పైది వద్దండీ. కిందింటివాళ్ళకి పంపేద్దాం."

ఆయన సొరుగులోంచి, దారపు ఉండల్లాంటి ఆ వరసలోంచి, ఒక చెంచా తీసుకున్నాడు. ఆవిడ గరిటె వదల్లేదు. సింకుకి చెరోవైపు నిలబడి, ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతుంటే విసుక్కుంటూ, గిన్నె అడుగు తెల్లగా బయటపడేదాకా గీకారు.